షోర్బా పలుచబడిన విషయమై పప్పు పండే రాష్ట్రపు పెద్దాయనకు

మిష్రిఫ్, కువైట్.
రంజాన్ నెలకు ఇంకా తొమ్మిది రోజులుందనగా వ్రాసినది.

కెనడా దేశమున ఎర్రపప్పు పండించే రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నవారి సముఖమునకు. (తమ దేశంలో ఈ ఉద్యోగాన్ని ప్రీమియర్ అంటారట. మా జిల్లాలో ఆ పేరుతో ఒక బిస్కెట్ కంపెనీ ఉండేది. అందుకని ముఖ్యమంత్రి అనే వ్రాస్తున్నాను.)

అయ్యా,

విషయం: మా విల్లాలో షోర్బా పలుచబడుట, తమరు పప్పు ఆపలేదని ముద్రతో కూడిన ఒక్క కాగితం కోరుట.

సూచిక: జమియా దుకాణం పార్కింగులో, బండిలో ఏసీ వేసుకుని, నా ఫోనులో నేను చూసిన తమ వీడియో.

ఇందుమూలముగా భూగోళం మీది సమస్త దేశముల వారికి ప్రకటించడమేమనగా: గత పదిహేడు రోజులుగా మిష్రిఫ్‌లోని మా విల్లాలో పప్పు షోర్బా, అనగా ఇక్కడివాళ్ళు గిన్నెలో పోసుకుని తాగే పప్పుచారు, పలుచగా ఉన్నది. గిన్నె అడుగున ఉండే నీలం పువ్వు పైనుంచి చూస్తే కనబడుచున్నది. పద్నాలుగేళ్ళలో ఎన్నడూ కనబడని పువ్వు అది. ఆ గిన్నెలకు పువ్వుందన్న సంగతి కొన్న వాళ్ళే మరిచిపోయారు.

అర్జీదారుని వివరములు: పేరు ఓబులేసు, వయసు నలభై తొమ్మిది, ఊరు అన్నమయ్య జిల్లా లక్కిరెడ్డిపల్లె దగ్గర. చదువు విషయానికొస్తే, పదో తరగతి పరీక్షకు నేను హాజరైతిని గానీ పరీక్ష నాకు అర్థం కాకుండానే వెళ్ళిపోయినది. ఈ విల్లాలో డ్రైవరుగా ఇరవై రెండేళ్ళ సర్వీసు. తమకు తెలుగు రాదని ఎరుగుదును. తమ రాష్ట్రంలో లారీలు తోలే మనవాళ్ళు ఒకరిద్దరైనా ఉండకపోరు, చదివించుకోగలరు. చదివేటప్పుడు వాడు నవ్వితే పట్టించుకోవద్దు.

ఇక మనవులు.

1. తమ వీడియో నేను మూడుసార్లు చూచితిని. తమ కేంద్రం వారు ఎవరో పెద్ద దేశపు కరెంటు కార్ల మీద పన్ను వేశారట. ఆ దేశం వాళ్ళు తిరిగి తమ రైతుల విత్తనాల మీద, బఠాణీల మీద పన్ను వేశారట. కార్లు తయారయ్యే రాష్ట్రం ఒకటి, దెబ్బ తినే రాష్ట్రం ఇంకొకటి. తమరు ఊరుకోలేదు. సూటు వేసుకుని విమానమెక్కి ఆ దేశానికి తామే పోయి మాట్లాడారు. విదేశీ వ్యాపారం మా శాఖ అని కేంద్రం అన్నది. పండించే నేల మాది అని తమరన్నారు. అయ్యా, ఇరవై రెండేళ్ళుగా వెనక సీటు వాళ్ళు చెప్పిన చోటికే బండి తిప్పినవాణ్ణి. ముందు సీటు మనిషి వెనక సీటుకు ఎదురు చెప్పగా చూచుట నాకు అదే మొదలు.

2. మా విల్లాలో కూడా తమ దేశపు రాజ్యాంగమే నడుచుచున్నది. ఇంటి యజమానురాలిని మేము మామా అంటాము, ఆమె కేంద్రం. ఆమె భర్త బాబా గారు తమ దేశంలో రాజుగారి ప్రతినిధి వంటివారు: సంతకం వారిది, మాట వారిది కాదు. వంటిల్లు బషీరా బీ రాష్ట్రం. కడప మనిషి, యాభై ఆరేళ్ళు, ఈ ఇంట పద్నాలుగేళ్ళుగా వంట. నేను ఆమెను అక్కా అంటాను. బండి నా రాష్ట్రం. ఆమె వంటింట్లోకి నేను చెప్పులతో అడుగు పెట్టరాదు, నా బండిలోకి ఆమె ఎండుచేపల సంచి తేరాదు. తమ దేశంలో ఒక రాష్ట్రం సరుకు ఇంకో రాష్ట్రానికి పోవడానికి సవాలక్ష అడ్డంకులున్నాయని తమరు బాధపడుతూ చెప్పారు. మాకు అలవాటే.

3. ఇట్లుండగా, హవల్లీలో ఫోన్లు రిపేరు చేసే రహీమ్ అను వ్యక్తి ఒక పుకారు పుట్టించినాడు. అది ఏమనగా: కేంద్రం దిగివచ్చే వరకు తమ రాష్ట్రం నుంచి ఒక్క పప్పుబద్ద కూడా బయటికి పోరాదని తమరు ఉత్తర్వు వేశారు, మొదటి వేటు గల్ఫు మీద, ఇక కువైట్‌కు ఎర్రపప్పు రాదు. రహీమ్ బావమరిది తమ ఆఫీసులోనే టీ అందిస్తాడట, ఉత్తర్వు కాగితం కళ్ళారా చూచినాడట.

ఈ కబురు బషీరా బీకి చేర్చినది నేనే. నా మాటగా చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదు. కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు, అది మాటలు విని మామాకు చెప్తుందని నేను అంటే, ఆమె నెల రోజులు దాని ముందు సైగలతో గడిపింది. అప్పటి నుంచి నేను తెల్లవారిందన్నా కిటికీ తీసి చూసుకుంటుంది.

"ఎవురు చెప్పినారు?" అనడిగింది.

"రహీమ్ అక్కా. మీ కడపోడే. ఐదు పూటలా నమాజు చేస్తాడు."

"నువ్వయితే నమ్మను. నమాజు చేసేటోడు పప్పు గురించి అబద్ధమెందుకు చెప్తాడు?" అని గరిటె పక్కన పెట్టింది. మళ్ళీ గరిటె అందుకుని, "ఆయప్ప వండుకుంటాడా?" అంది.

"ఒంటరోడు అక్కా. టీలో రొట్టె ముంచుకోని తింటాడు."

"అల్లా! ముందుగా కబురు చెప్పి మేలు చేసినోడికి మనం ఏమీ పెట్టకపోతే ఎట్లా?"

ఆనాటి నుంచి మధ్యాహ్నం పూట రహీమ్‌కు ఒక డబ్బా షోర్బా మంజూరైనది. నేను మామా పనుల మీద హవల్లీ వైపు పోతాను కాబట్టి, దానిని చేర్చుట నా విధులలో కలిసినది.

4. బషీరా బీ వెంటనే అత్యవసర పరిస్థితి ప్రకటించింది. తమ దేశపు గుర్తయిన ఎర్రటి ఆకు బొమ్మ ఉన్న పప్పు సంచులను దుప్పటిలో చుట్టి తన మంచం కిందికి తరలించింది. షోర్బాలో పప్పు సగం చేసి, మిగతా సగానికి నీళ్ళూ కాస్త బియ్యప్పిండీ నియమించింది. దుకాణం నిండా పప్పే ఉందని చూపించడానికి నేను మరి రెండు సంచులు కొనుక్కొచ్చాను. "పాత సరుకు ఊడ్చి అమ్ముతాండారు. రహీమ్ ముందే చెప్పినాడు కదా," అని అవి కూడా మంచం కిందికే పోయినవి. నేటికి పదకొండు సంచులు. మంచం నాలుగు కాళ్ళూ నేలకు అందుటలేదు.

అయిదో రోజున మామా చెంచా ఎత్తి, వంపి, మళ్ళీ ఎత్తి, "బషీరా, ఇది షోర్బానా, మాయ్‌నా?" అనడిగింది. మాయ్ అంటే నీళ్ళు. పన్నెండో రోజున అడగలేదు, తీర్పే చెప్పింది: రంజాన్ తొలి రోజా (ఉపవాసం) నాడు బల్ల మీద షోర్బా ఇట్లాగే ఉంటే బషీరాను మక్తబ్‌లో దించి రావలసినదిగా నాకు ఆజ్ఞ. మక్తబ్ అంటే పనివాళ్ళను తెచ్చిచ్చే ఆఫీసు. వద్దనుకున్న వాళ్ళను తిరిగి అక్కడే అప్పగిస్తారు. పడుచు పిల్లలైతే బెంచీ మీద నాలుగు రోజులు కూర్చుంటే ఇంకో ఇల్లు వచ్చి తీసుకుపోతుంది. యాభై ఆరేళ్ళ మనిషిని ఎవరూ తీసుకోరు, నేరుగా విమానమే. కడపలో ఆమె కూతురు రేష్మా నర్సింగు రెండో ఏడు చదువుచున్నది. చదువు సగంలో ఉండగా అమ్మ విమానం దిగరాదు. తమరు మన్నించాలి, ఈ వాక్యం అర్జీ భాషలో ఎట్లా వ్రాయాలో నాకు తెలియలేదు.

5. ఈ దశలో నేను తమరి అడుగుజాడలలో నడిచితిని. నడవకుండా ఉండవలసినది.

"అక్కా, ఆ ప్రీమియర్ ఏం చేసినాడు? కేంద్రం వినకుంటే నేరుగా పైదేశానికే పోయినాడు. మనమూ పోదాం," అన్నాను.

"యాడికి?"

"ఎగైలాకు."

ఎగైలాలో మామా అత్తగారు ఉంటారు. బషీరా బీ చేతివంట అంటే ఆమెకు ప్రాణం. ఆమె ఒక మాట చెబితే కేంద్రం మెత్తబడుతుందని నా విదేశాంగ నీతి. ఫ్లాస్కులో షోర్బా పట్టుకుపోయి ఇచ్చాను. అయ్యా, ఇక్కడ నేను చేసిన పొరపాటు: ఫ్లాస్కులో ఉన్నది కూడా ఆ పలుచటి షోర్బానే. నేను బండి తిప్పుకునే లోపలే ముసలామె కోడలికి ఫోను చేసి, "మీ ఇంట పప్పుకు కూడా గతి లేదా? నా కొడుకు ఉద్యోగం పోయిందా?" అనడిగిందట.

తిరిగొచ్చేసరికి మామా గుమ్మంలో నిలబడి ఉంది. "ఈ ఇంటి సంగతి బయటి ఇంటితో మాట్లాడేది నేను. నువ్వు కాదు, ఆమె కాదు. నేను," అంది. తమ కేంద్రం తమతో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే కదా. ఆ క్షణం నాకు తమరు సొంత అన్నలాగా తోచారు.

6. పుకారును వెనక్కి తీసుకొనుటకు కూడా ప్రయత్నించితిని.

"అక్కా, పప్పు ఆగలేదంట. రహీమ్ చెప్పింది ఉత్తదే."

"ఉత్తదని ఎవురు చెప్తాండారు?"

"నేను."

"నువ్వు చెప్తే నిజమూ అబద్ధమయితాది. రహీమ్‌ను రమ్మను. నా ముందర నిలబడి చెప్పమను, సంచులన్నీ ఈపొద్దే బయటికి తీస్తా."

"ఆయప్ప ఫోను ఎత్తడంలేదక్కా."

"ఫోన్లు బాగుచేసేటోనికి ఫోను లేదా? ఏం మాటలు ఓబులేసూ! సరే, ఆయప్ప రాకుంటే ఆ కెనడా రాజు కాయితం తీసకరా. ముద్ర ఉండాల. ముద్ర లేకుంటే నా ఇఖామానే చెల్లదు, నీ మాట చెల్లుతాదా?"

ఆమె అన్నది సబబే. ఈ దేశంలో మేము బతికి ఉన్నామనడానికే ఇఖామా అనే ముద్రకార్డు చూపించాలి. పద్నాలుగేళ్ళుగా కాగితాన్నే నమ్మి బతికిన మనిషి పప్పు విషయంలో మాత్రం నోటిమాట ఎందుకు నమ్ముతుంది?

కావున తమను ప్రార్థించునదేమనగా:

(అ) "నేను పప్పు ఆపలేదు, ఆపే ఉద్దేశం కూడా లేదు, బషీరా బీ గారు మంచం కింది సంచులు బయటికి తీయవచ్చును" అని ఒక కాగితం మీద వ్రాసి ముద్ర వేసి పంపవలెను. గుండ్రటి ముద్ర అయితే మేలు. ఊదా సిరా అయితే ఇంకా మేలు.

(ఆ) కేంద్రంతో తమ తగాదా తొలి రోజాకు ముందే తెగ్గొట్టుకోగలరు. కుదరకపోతే తగాదా ఉంచుకుని కాగితమైనా పంపగలరు.

(ఇ) రహీమ్ అను వ్యక్తి మీద కఠిన చర్య తీసుకోగలరు. దొరికితే.

పప్పు పండించే చేతికి పప్పు వండే చేతి కష్టం తెలియకపోదన్న ధైర్యంతో వ్రాసుకున్న ఈ అర్జీని, కేంద్రం వారి ఉత్తరాలన్నీ పక్కకు నెట్టి, ముందుగా చిత్తగించవలెను.

తమ జీతం తినకపోయినా, తమ పప్పు తిన్నందున
తమ విధేయుడు,
ఓబులేసు,
డ్రైవరు.

తా.క.: అయ్యా, పైన వ్రాసినదంతా జరిగినదే, ఒక్క రహీమ్ తప్ప. రహీమ్ లేడు. హవల్లీలో లేడు, కడపలో లేడు, ఫోను ఎత్తడానికి అసలు పుట్టనే లేదు. నా మాట ఆమె నమ్మదని, నమ్మదగిన మనిషినొకణ్ణి తయారుచేశాను. టీ ఇచ్చే బావమరిది కూడా నా చేతిపనే. తమ ఆఫీసులో టీ ఇచ్చేవాణ్ణి అనుమానించవద్దు. వాడికి నా క్షమాపణలు చెప్పగలరు.

ఆ డబ్బా పదిహేడు రోజులూ నేనే తిన్నాను. బండి నీడలో ఆపుకుని, నవ్వుకుంటూ తిన్నాను. మొన్ననే గమనించాను. మామా బల్ల మీద గిన్నెలో నీలం పువ్వు కనబడుతోంది. రహీమ్ డబ్బాలో మాత్రం చెంచా నిలబడుతోంది. ఇక పప్పు రాదని నమ్మిన మనిషి, తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, ఎన్నడూ చూడనివాడికి చిక్కగా పోసింది.

కావున తమ కాగితం అక్కర్లేదు. ఈ ఉత్తరం ముగించి, బండి దిగి, చెప్పులు బయట విడిచి వంటింటి తలుపు దగ్గరికి పోతున్నాను. ముందు అక్కకు, తర్వాత మామాకు చెబుతాను. ఎవరో ఒకరు మక్తబ్‌కు పోక తప్పకపోతే, దారి తెలిసినవాణ్ణి నేనే కాబట్టి పెట్రోలు కలిసొస్తుంది.

ఈరోజు కూడా అక్క రహీమ్ డబ్బా ఇచ్చింది. "రంజాన్‌లో ఒకపొద్దు ఈడికే రమ్మను, కూర్చోబెట్టి పెడతా," అని చెప్పమంది. పక్క సీటులో ఉంది. ఇంకా వేడిగానే ఉంది. మూత తియ్యలేదు.