ఎనిమిది వందల నలభై గ్రాముల పుస్తకం

శ్రీమతికి,

మీ చెల్లెలు లేచి కూర్చుంటోందని, గదిలో నాలుగడుగులు వేస్తోందని నీ ఉత్తరంలో చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ ఇంట్లో అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కడినే కాబట్టి ఈ మాటలో అబద్ధమేమీ లేదు. ఫోన్ చేయకుండా ఈ రాతకోతలేమిటని విసుక్కోకు. నేను ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడుతుందని నువ్వే అంటావు. ఈ సంగతి ముందు నువ్వొక్కదానివే చదవాలి.

నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి బాగు చేయించాను. ప్లంబరు వాషరు మార్చానన్నాడు, పాతది చూపించమంటే పారేశానన్నాడు, కాబట్టి మార్చాడంటే నాకు నమ్మకం లేదు. అయినా కారడం మాత్రం ఆగింది. పైవాటా ఆవిడ నీ మొక్కలకు రోజూ నీళ్లు పోస్తున్నానంటోంది. మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాను, పోస్తున్న మాట నిజమే.

ఇక నాలుగో ప్రశ్న. ఆపరేషనయిన వారానికి మీ చెల్లెలు తనంతట తనే నీ చెయ్యి పట్టుకుని "ఆ పుస్తకం తీసింది నేనేనక్కా, క్షమించు" అన్నదని రాశావు. ఎక్కడ పెట్టావంటే గుర్తులేదంటోందట, ఎవరికిచ్చావంటే గుర్తులేదంటోందట. "ఉద్యోగంలో ఇంతమంది అబద్ధాలకోర్లను చూశారు కదా, ఇది ఇంకా ఏదో దాస్తోందంటారా?" అని నన్నడిగావు. ఆ ప్రశ్న చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. దానికి జవాబు చెప్పాలంటే పుస్తకం వెతకడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మీ అమ్మ నీకిచ్చిన ఆ కుట్టుపని పుస్తకానికి ఇంకో ప్రతి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని బయల్దేరుతూ చెప్పావు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట మన అల్మరాలోంచి మాయమైంది అది. అప్పట్నుంచీ మీ అక్కచెల్లెళ్ల మధ్య రాకపోకలు పెళ్లికీ చావుకీ తప్ప లేకుండా పోయాయి. దొరికితే మీ చెల్లెలి మంచం మీద పెట్టి, తన ముఖంలో రంగు మారుతుందో లేదో చూస్తానన్నావు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుతో ఇన్నేళ్లు కాపురం చేశావు, నా బుద్ధి నీకూ అంటుకుంది.

ఆ పుస్తకం అచ్చు ఆగిపోయి చాలాకాలమైందని, వేసిన ప్రెస్సే మూతపడిందని పెద్ద పుస్తకాల షాపులో చెప్పారు. అక్కడివాళ్లే బస్టాండు వెనక సందులో ఉన్న పాత పుస్తకాలాయన దగ్గరికి పంపారు. టైలరు కొట్టును ఆనుకుని, మేడమెట్ల కింద పెట్టుకున్న దుకాణం. వంగి లోపలికి వెళ్లాలి, వంగే బయటికి రావాలి. మనిషి నెమ్మదస్తుడు. నేను నీలం అట్ట అన్నాను, మధ్యమధ్య మడత విప్పి చూసే నమూనా కాగితాలున్నాయన్నాను, బరువు ఎనిమిది వందల నలభై గ్రాములన్నాను. ఆయన రాసుకుంటున్న పెన్సిలు ఆపి, "రంగు చెప్తారు, బొమ్మలు చెప్తారు. బరువు చెప్పినాయన మీరే సార్" అన్నాడు. పాత ఉద్యోగం అలవాటని ఏదో నసిగి బయటపడ్డాను.

ఆయన మీద నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది. అడ్వాన్సు ఇస్తానంటే పుచ్చుకోలేదు. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేనన్నాడు. వ్యాపారం చేసేవాడు ఈ రెండూ చేశాడంటే సరుకు లోపలే పెట్టుకుని నన్ను తిప్పుతున్నట్టే లెక్క. వారంలో మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ "కనుక్కుంటున్నాను సార్" అన్నాడు. నాలుగోసారి ఆయన టీకి వెళ్లిన సమయం చూసి వెళ్లి, దుకాణం మూలనున్న రేకు పెట్టె మూత ఎత్తాను. అందులో ఫోటోలు, ఉత్తరాలు, ఎండిన ఆకులు, ఎవరివో పరీక్ష మార్కుల కాగితాలు ఉన్నాయి. పాత పుస్తకాల్లో దొరికినవి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని దాచాడట. వెనక నుంచి ఆయనే చెప్పాడు. నేను మూత దించి, దుమ్ము బాగా పట్టిందండీ అన్నాను.

అయినా నా బుద్ధి మారలేదు. ఆదివారం పొద్దున్నే దుకాణం తెరవకుండా ఎటో పోతుంటే వెంటపడ్డాను. మూతపడ్డ కుట్టుశిక్షణ కేంద్రం వాచ్‌మన్‌తో పావుగంట మాట్లాడాడు. అక్కడి నుంచి మూడు ఇళ్ల తలుపులు కొట్టాడు. మూడిళ్లలోంచీ ఖాళీ సంచితోనే వచ్చాడు. నేను ఎదురుగా కరెంటు స్తంభం చాటున నిలబడ్డాను. నా ఒంటికి కరెంటు స్తంభం ఏం చాటో నీకు తెలుసు. ఆయన మూల కొట్టులో రెండు టీలు తీసుకుని, ఒకటి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇలాంటి పుస్తకం దుకాణానికి రాదు సార్. కుట్టుపని నేర్పినవాళ్లు ఊపిరున్నంతకాలం వదలరు. అందుకని వాళ్ల ఇళ్లే వెతుకుతున్నా" అన్నాడు. టీ డబ్బులు నేనిస్తానంటే, అప్పటికే ఇచ్చేశానన్నాడు.

మొన్న బుధవారం కబురు చేశాడు. ఎనభై ఏళ్ల కుట్టు టీచరొకావిడ, ఇప్పుడు కళ్లు కనపడక, తన ప్రతి ఇవ్వడానికి ఒప్పుకుందట. అలంకారానికి కాకుండా, సూది పట్టేవాళ్లకే ఇవ్వాలని షరతు పెట్టిందట. ఎవరికోసం సార్ అని ఆయన అడిగాడు. నేను ఈ ముప్పై ఒక్క ఏళ్లూ చెప్పుకుంటూ వచ్చిన కథే చెప్పాను. మా ఆవిడ పుస్తకం, మా మరదలు చెప్పకుండా పట్టుకుపోయింది, అక్కచెల్లెళ్లకు మాటల్లేవు, ఇప్పుడు ఒప్పుకుంది. ఆయన ఆవిడిచ్చిన ప్రతి అట్ట మీద దుమ్ము తుడుస్తూ అంతా విన్నాడు.

"మీ మరదలుగారు పట్టుకుపోయారంటున్నారు. మరి దాని బరువు మీకెలా తెలిసింది సార్?" అని అడిగాడు.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికిపెట్టినవాడికి తెలుసుకోవాలనిపించి అడిగాడు, అంతే. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను ఎంతమందిని ఇలా అడిగి నీళ్లు నమిలించానో. నేను పుస్తకం చంకలో పెట్టుకుని, వంగి బయటికి వచ్చేశాను. ఆయనకు చెప్పలేకపోయింది నీకు చెబుతున్నాను.

మన పెళ్లయిన రెండో ఏడు, చిత్తుకాగితాల కొట్టువాడొకడు తూకంలో మోసం చేస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. అలాంటివాణ్ణి పట్టుకోవాలంటే ముందుగా తూచిపెట్టుకున్న కట్ట మామూలు మనిషిలా తీసుకెళ్లి వాడికి అమ్మాలి. నువ్వు పక్కింట్లో ఉన్నావు. నేను ఆఫీసు త్రాసు తెచ్చి మన పాత పేపర్లు తూచాను. నాలుగు కిలోల నూట అరవై వచ్చింది. సరిగ్గా అయిదు చేస్తే రిపోర్టులో బాగుంటుందని నా పిచ్చి. చేతికందిన పుస్తకం అల్మరాలోంచి తీసి వేశాను. ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. ఆ క్షణాన నేను పడ్డ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

వాడు ఆ కట్టను నాలుగు కిలోలే అన్నాడు, దొరికిపోయాడు. కట్టకు లక్క సీలు వేసి సాక్ష్యంగా స్టోరులో పెట్టారు. వారంలో విడిపించి మళ్లీ అల్మరాలో పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు ఇల్లంతా వెతికావు. అంతకుముందు వారమే మీ చెల్లెలు ఆ పుస్తకం అడిగింది, నువ్వు ఇవ్వనన్నావు. అందుకని తనే తీసిందన్నావు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు, అన్నం తిని ఆఫీసుకెళ్లాను. కేసు నాలుగేళ్లు నడిచింది. తీర్పు వచ్చాక నేను వెళ్లేసరికి స్టోరు ఖాళీ చేసి అంతా తగలబెట్టారు. అప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటావని భయపడ్డాను. ఏడాది గడిచేకొద్దీ ఆ భయం పెరిగిందే గాని తగ్గలేదు. మీ చెల్లెలి పెళ్లిలో నువ్వు అక్షింతలు వేసి భోజనం చేయకుండా వచ్చేసినప్పుడు, వీధి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి తను "బావగారూ, మీరైనా చెప్పండి" అని నన్ను బతిమాలింది. నేను ఆటో పిలిచాను.

నా ఉద్యోగమంతా ఎదుటివాడి త్రాసును శంకించడంతోనే సరిపోయింది. పుస్తకాలాయన్ని శంకించాను, ప్లంబర్ని శంకించాను, ఆ పెద్దావిడ ఇచ్చిన ప్రతిని కూడా ఇంటికి తెచ్చి వంటింటి కాటా మీద పెట్టాను. పదిహేను గ్రాములు తక్కువ. విప్పి చూస్తే ఒక నమూనా కాగితం లేదు. ఎవరిమీదా ఫిర్యాదు చేయాలనిపించలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. అవును, మీ చెల్లెలు అబద్ధమే చెబుతోంది. తీశానని చెప్పడమే ఆ అబద్ధం. తీయని పుస్తకం ఎక్కడ పెట్టిందో తనకెలా గుర్తుంటుంది? ప్రాణం మీదికి వచ్చిన మనిషి, అక్క మనసులో ముల్లు తీసేయాలని, చేయని దొంగతనం నెత్తిన వేసుకుంది. నువ్వేమో క్షమించానని రాశావు. ఆ మాట చదివినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

పుస్తకం పార్సెల్లో పంపడం లేదు. పంపితే నేను రాకుండా తప్పించుకుంటానని నా మీద నాకు అనుమానం. గురువారం బస్సుకు టికెట్టు తీసుకున్నాను, పుస్తకం చేత్తో పట్టుకుని వస్తాను. ఈలోగా నువ్వేమీ చెప్పకు. తన ముందు నిలబడి నా నోటితో నేనే చెప్పాలి. నీకు కోపమొచ్చి తలుపు తీయకపోతే వీధిలో నిలబడే చెబుతాను. తన మంచం కిటికీ పక్కనే ఉందని రాశావు కదా, నా గొంతు తనకు వినబడుతుంది.

ఇట్లు,
మీ అక్కచెల్లెళ్ల మధ్య ముప్పై ఒక్క ఏళ్లు నోరు మూసుకుని కూర్చున్న
మీ ఆయన