బాబీ ఆపేసిన చోట

ఆదివారం రాత్రి.

తమ్ముడు బాబీ, నేను కలిసి ఆడిన వీడియో గేమ్ రెండో భాగం ట్రైలర్ సాయంత్రం వచ్చింది. తమ్ముడు ఉండుంటే పదిసార్లు ఆపి ఆపి చూసి, ఏదో ఒకటి కనిపెట్టేవాడు. అందులో ఓ చిన్న పిల్లని ఎక్కించుకెళ్లే పడవవాడే ఆ పిల్ల తండ్రని బాబీ వాదన. ఆ పడవని, జనాన్ని గోదావరి దాటించే నరసాపురం పంటు అనేవాడు. "రెండో భాగంలో పంటు తిరిగొస్తుంది, చూడక్కా!" ఆ పిల్ల ఎప్పుడో చచ్చిపోయిందని నా వాదన.

మొదటి భాగం ఆఖరి ప్రశ్న దగ్గర వాడు ఆట ఆపేశాడు. "నువ్వు హాస్టల్ నుంచి వచ్చాక ఇద్దరం కలిసి జవాబిద్దాం." నేను వచ్చేసరికి వాడే లేడు. బైకు యాక్సిడెంటు. నాలుగు నెలలయింది.

మనం ఇచ్చిన జవాబులను బట్టే కొత్త కథ మొదలవుతుందట. అందుకే ఇవాళ వాడి లాప్‌టాప్‌లో ఆట తెరిచాను, ఊరికే చూద్దామని. తెరిస్తే జవాబు చెప్పాల్సిన టైమర్ నడుస్తుందని మర్చేపోయాను. పడవలోంచి ఆ పిల్ల "నాతో వస్తావా?" అంది. వాడైతే ఏం నొక్కేవాడా అని ఆలోచిస్తుండగానే టైమ్ అయిపోయింది. 'మీరు ఏమీ మాట్లాడలేదు' అని చూపించి, అదే సేవ్ చేసుకుంది. ఇక వెనక్కి వెళ్లదు.

ఆఖరిసారి ఫోన్లో వాడు "కోపమొచ్చిందా అక్కా?" అన్నప్పుడూ నేను మాట్లాడలేదు. నా హెడ్‌ఫోన్స్ విరగ్గొట్టాడని ఫోన్ పెట్టేశాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఎందుకే ఏడుస్తున్నావు?" అంది.

ఏమీ లేదన్నాను.