వాయిదాకు తెల్లచొక్కా

పుంగనూరు దగ్గర, తోట ఇంటి నుంచి
17-4-2025, గురువారం

రాయుడన్నకు,

ముక్తియార్ సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను, మెహ్‌నాజ్ బాగానే ఉన్నాము. కుప్పంలో నువ్వు, పావని, అల్లుడు బాగున్నారని తలుస్తాను. నా మీద కేసు పెట్టినవాడి క్షేమం అడగడమేమిటని నువ్వు నవ్వుకోవచ్చు. ఇన్నేళ్ల అలవాటు, అది రాయకపోతే చేయి ముందుకు కదలలేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫిర్యాదు ఇచ్చినవాడితో మాట్లాడితే బెదిరించావంటారని మా వకీలు దేవేంద్ర గట్టిగా చెప్పాడు. ఉత్తరం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. పైగా ఫోన్లో మాట్లాడితే ఎవరు రికార్డు చేస్తారో, అందులో ఏ ముక్క కోసి ఎవరికి వినిపిస్తారో ఎవరికి తెలుసు? కాగితమైతే నేను రాసిందే ఉంటుంది.

సోమవారం పుంగనూరు కోర్టులో నా మొదటి వాయిదా. పోయిన ఎండాకాలం నీ షెడ్డులో పట్టుపురుగులు చచ్చిన కేసు. కావాలని నీ మల్బరీ ఆకు మీద విషం కొట్టానని నేరం మోపారు. జైలు దాకా పోవచ్చని దేవేంద్ర దాచకుండానే చెప్పాడు. మార్కెట్ యార్డులో టమాటా దించి ఆయన ఆఫీసుకు వెళ్లడం, మదనపల్లెలో ఈ మధ్య నాకు అదే పని. కోర్టులో ఎలా ఉండాలో చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఫోన్ కట్టేయాలి. బిళ్ల బంట్రోతు పేరు పిలవగానే లోపలికి వెళ్లి బోనులో నిలబడాలి, కానీ దాని మీదికి వాలకూడదు. జామీను ఇచ్చేవాడు పక్కనే ఉండాలి. నేరం ఒప్పుకుంటావా అని జడ్జిగారు అడిగితే లేదు సార్ అనాలి, అంతకు మించి ఒక్క అక్షరం మాట్లాడకూడదు. టోపీ పెట్టుకుని రావాలా వద్దా అని అడిగాను. మీ ఇష్టం అన్నాడు. ఆ మీ ఇష్టం అనడంలో ఏముందో దారి పొడవునా ఆలోచిస్తూనే వచ్చాను.

ఆయన మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. మొన్న కోర్టు గేటు ముందు టీ బంకు దగ్గర సర్కారు వకీలు భుజం మీద చేయి వేసి నవ్వుతున్నాడు. నన్ను చూసి చేయి తీశాడు. వేసినందుకు కాదు, తీసినందుకే నాకు అనుమానం.

తెల్లచొక్కా వేసుకుని రమ్మన్నాడు. నాకున్న మంచి తెల్లచొక్కా ఒక్కటే, పావని పెళ్లికి నువ్వు నీకూ నాకూ ఒకే గుడ్డ తీసి కుట్టించింది. దాన్ని వేసుకుని నువ్వు పెట్టిన కేసులో బోనెక్కడం నా వల్ల కాదు. కొత్తది కొన్నాను. మెడ దగ్గర ఒరుసుకుంటోంది.

ఇప్పుడు అసలు మాట రాస్తాను, నిదానంగా చదువు.

చార్జిషీటులో ఉన్నదంతా దేవేంద్ర చదివి వినిపించాడు. షెడ్డులోని ఆకు మీద దొరికిన మందూ నేను టమాటాకు వాడే మందూ ఒకటేనని ల్యాబువాళ్లు తేల్చారు. మన రెండు చేల మధ్య గెనుమ గట్టు దగ్గర నేను మందు కొడుతుంటే చూశానని పక్క చేను గురప్ప సాక్ష్యం. కొట్టాను, కాదనను. నా తోటకు నేను కొట్టుకున్నాను. కానీ ఆ రోజు గాలి నీ మల్బరీ మీద నుంచి నా బావి వైపు వీస్తోంది. ఎదురుగాలికి కొట్టి నా కళ్లు సాయంత్రం దాకా మండాయి. మందు గాలికి ఎదురెక్కి నీ ఆకు మీదికి ఎలా పోతుంది?

మరి ఆ మందు నీ షెడ్డులోకి ఎలా వచ్చింది? ఏడాదిగా నేను నములుతున్న ప్రశ్న ఇదే. నాకు గుర్తున్నది చెబుతాను. వీపున వేసుకుని కొట్టే నా మందు ట్యాంకును మోటారు గదిలో మేకుకు తగిలిస్తాను, బెల్టు ఎప్పుడూ గోడవైపు ఉండాలి. నీ పురుగులు చచ్చిన రోజు సాయంత్రం చూస్తే బెల్టు ఇవతలికి ఉంది. లోపల తడి. నేను మందు కొట్టింది ముందు రోజు, ఆ ఎండకు ఏ తడీ మరుసటి సాయంత్రం దాకా నిలవదు. ఎవరో నా ట్యాంకు తీసుకెళ్లి, వాడి, తెచ్చి పెట్టారు.

ఎవరు? మోటారు గది తాళం చెవి ఎక్కడుంటుందో నాకు, మెహ్‌నాజ్‌కు కాక తెలిసినవాడివి నువ్వొక్కడివే. పురుగులు గూళ్లు కట్టుకోవడానికి చంద్రికలు తేవాలని ఆ రోజు మదనపల్లెకు పోయానన్నావు. పోయావో లేదో ఎవరు చూశారు? పురుగులకు అప్పటికే తెగులు వచ్చిందేమో, ఎలాగూ పోయే పంట అని నా ట్యాంకుతో నువ్వే కొట్టి, పోయిందంతా నా నెత్తిన రుద్దావేమో. ఇలా అనుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అనుకుంటున్నాను. నాలుగో జ్వరం లేచి ఆఖరి పొర విడిచిన పురుగులు, నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సినవి, పచ్చగా కక్కి చచ్చాయి. నువ్వు నా గడప తొక్కి ఇట్లా యాల చేసినావు ముక్తియారూ అని ఒక్క మాట అడగలేదు. నేరుగా స్టేషనుకు పోయావు. అడగకుండా పోయినవాడికి జవాబు ముందే తెలిసి ఉండాలి కదా?

నా ఇంట్లో సంగతి కూడా విను. మెహ్‌నాజ్ పాల కోసమని వెళ్తుంది, చెప్పులకు మీ మల్బరీ చాళ్ల ఎర్రమట్టితో వస్తుంది. మీ ఇంటి పెరుగు గిన్నె మా అలమరలో కనబడింది. అడిగితే పాతదేనంది. నువ్వు షెడ్డు మూసి కుప్పం గ్రానైటు యార్డులో వాచ్‌మన్‌గా చేరాక విజయమ్మ వదిన ఒంటరిగా ఉందని జాలి పడుతోందనుకుందాం. ఆ జాలి నా దగ్గర దాచడం ఎందుకు? నా వకీలు ఏం చెబుతున్నాడో వదిన ఆరా తీసి నీకు చేరవేస్తోందా?

ఇంకొకటి. నిన్న వరండాలో నిలబడి కోర్టు మాట సాధన చేస్తున్నాను. లేదు సార్, నేను చేయలేదు సార్ అని నాలుగైదు సార్లు అన్నాను. అనేకొద్దీ నా చెవికే అబద్ధంలా వినబడింది. మెహ్‌నాజ్ బియ్యం చెరుగుతున్న చేట అక్కడే పెట్టి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కట్టుకున్న మనిషే నన్ను నమ్మడం లేదు, ఇక జడ్జిగారు ఏం నమ్ముతారు?

అందుకే తేల్చి రాస్తున్నాను. దేవేంద్ర వద్దన్నా సరే, సోమవారం నా మాటగా ఆ ట్యాంకు సంగతి, తాళం చెవి సంగతి, నీ పేరు కోర్టులో చెప్పమంటాను. నీ పురుగులను నువ్వే చంపుకున్నావని అందరూ వినేలా చెప్పిస్తాను. అది కాదనే మాట నీ దగ్గర ఉంటే ఆలోపు పంపు.

ఇట్లు,
ఒకప్పటి నీ ముక్తియార్

తా.క. శుక్రవారం పొద్దున రాస్తున్నాను.

అన్నా, పైన ఉన్నదంతా చింపేయబోయాను. మెహ్‌నాజ్ చింపనివ్వలేదు. నువ్వు ఏమనుకున్నావో ఆయప్పకు తెల్లం కావాల్సిందే అంది. కాబట్టి చదివి తిట్టుకో.

రాత్రి భోజనం ముందు ఈ కవరు అంటించమని ఆమె చేతికిచ్చాను. విప్పుతుందో లేదో చూద్దామని మడతలో ఒక టమాటా విత్తనం పెట్టాను. ఆమె దొంగతనంగా విప్పలేదు. నా కళ్లముందే కవరు తెరిచి, నిలబడే మొత్తం చదివింది. విత్తనం కింద పడింది, ఇద్దరం చూశాము. తర్వాత ఆమె చెప్పింది.

నువ్వు నిజంగానే మదనపల్లెకు పోయావు. ఆ మధ్యాహ్నం ఎండకు షెడ్డులో కోసిపెట్టిన ఆకు వాడిపోతోంది. ఆకు మీద కప్పిన గోనెలు తడపడానికి మీ ఇంట్లో వేరుగా ఉంచిన నీళ్లు చల్లే ట్యాంకు పంపు పాడైంది. వదిన పరుగున వచ్చి మా ట్యాంకు అడిగింది. పురుగుల ఇంట్లోకి బయటి ట్యాంకు రాకూడదని ఆమెకు తెలుసు. కానీ ఆకు వాడితే పురుగు మేయదు, చేతిలో వేరే దారి లేదు. మెహ్‌నాజ్ సబ్బుపొడి వేసి కడిగింది, మళ్లీ కడిగింది, వాసన చూసి ఇచ్చింది. గొట్టంలో మిగిలిన మందు సంగతి ఇద్దరూ ఆలోచించలేదు. గోనెలు తడిపారు, ఆకూ తడిపారు. పురుగులు మేశాయి.

పురుగులు చచ్చాక నువ్వు షెడ్డులో తల బాదుకుంటుంటే చెప్పడానికి వదినకు నోరు రాలేదంట. తెల్లారి చెప్దామనుకుంది, తెల్లారేసరికి నువ్వు స్టేషనులో ఉన్నావు. ఆ తర్వాత చెబితే నిన్ను అబద్ధాలకోరును చేసినట్టవుతుందని భయపడింది. నాకు చెబితే నేను ఎగిరిపడి వదినను కోర్టుకు ఈడుస్తానని మెహ్‌నాజ్ భయపడింది. అట్లా ఏడాది నడిచింది. ఇద్దరూ పెరుగు గిన్నె అడ్డం పెట్టుకుని, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటూ ఏడ్చారు.

నేను గొంతెత్తాను అన్నా. వీధి దాకా వినబడేలా ఎత్తాను. మెహ్‌నాజ్ అంతా విని, రాయుడన్న మీద ఈ మాట కోర్టులో చెప్తే నేనే లేచి నిలబడి చెప్తా, నువ్వు బోనులో ఉండావని గూడా సూడను అంది. ఆమె చీకట్లోనే వదిన దగ్గరికి వెళ్లింది. నేనూ వెనక వెళ్లాను. వదిన నన్ను చూసి కుర్చీ వేసింది, నేను కూర్చోలేకపోయాను.

నీ మీద ఏ మాటా చెప్పించను. దేవేంద్రకు ఇంకా ఏమీ చెప్పలేదు. సోమవారం జడ్జిగారు అడిగితే లేదు సార్ అంటాను, ఈసారి అది నా చెవికి కూడా నిజంగానే వినబడుతుంది. మరెవరు చేశారని అడిగితే నోరు విప్పను. ఆ ఇద్దరిలో ఎవరినీ కోర్టు మెట్లెక్కించను. కేసు పెట్టినవాడివి నువ్వు. నువ్వు వచ్చి చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే నాకు ఏమవుతుందో తెలియదు. భయంగానే ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, ఈ పూట కుప్పానికి టమాటా తోలే మోసిన్ చేతికే ఇస్తున్నాను. నువ్వు ఆదివారం బస్సెక్కు. గడపలోనే వదినను నిలదీయొద్దు. కాళ్లు కడుక్కో, ఆమె పెట్టింది తిను, ఆ తర్వాత అడుగు. మెల్లగా అడుగు. నేను అడిగినట్టు అడగొద్దు.

కొత్త చొక్కా పక్కన పెట్టేశాను. నువ్వు కుట్టించినదాన్ని ఇస్త్రీ చేయించాను, సోమవారం అదే వేసుకుని వస్తాను. నీది పెట్టె అడుగున ఉందంట. వదిన తీసి ఎండకు వేసింది.

ముక్తియార్