పక్కదారిన వచ్చిన ఫోటో

కర్దనూర్,
శుక్రవారం, 14-11-2025

చి.ల.సౌ. భవానికి,

మీ అత్తమ్మ నర్సింహమ్మ దీవెనలు. నువ్వు, బాలరాజు, చిన్నా చల్లగా ఉండాలి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను గానీ, మా చెల్లె బీరమ్మ మోకాలు మాత్రం క్షేమంగా లేదు. పొద్దున లేచింది మొదలు ఆ మోకాలి సంగతే. వినీ వినీ నా మోకాలు కూడా నొప్పి పుడుతోంది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో అయితే నువ్వు హలో అనగానే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను అరుస్తాను. మధ్యలో బాలరాజు ఫోన్ లాక్కుని ఇద్దరినీ కోప్పడతాడు. అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అంగన్‌వాడీ టీచర్‌గా ఇన్నేళ్లు రాసీ రాసీ నాకు చేత్తో రాస్తేనే మాట వరుసగా వస్తుంది. రేపు బాలరాజు వచ్చినప్పుడు ఈ ఉత్తరం, నా సంచిలో కలిసిపోయి వచ్చిన చిన్నా బట్టలు వాడి చేతికి ఇస్తాను. వాడు చదవకుండా ఉండడు. చదవనీ.

పోయిన ఆదివారం నువ్వూ, మీ ల్యాబ్‌లో పనిచేసే రుఖయ్యా వచ్చి చెప్పినవన్నీ మనసులో వేసుకుని చూశాను. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పయితే దిద్దు.

మీ మందుల కంపెనీలో గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. లోపల కంప్యూటర్ ఉన్నా, అందులో కంపెనీ పని తప్ప మరొకటి తెరుచుకోదు. మన హాలు గోడకు నువ్వు పెట్టించిన కెమెరా ఉంది కదా, దాని బొమ్మలు వచ్చే వెబ్‌సైట్ కూడా అక్కడ బంద్. పిల్లవాణ్ణి నా మీద వదిలి వెళ్లిన నీకు సాయంత్రం దాకా వాడి ముఖం చూసే దారి లేదు. అందుకని రుఖయ్యా ఎక్కడో విని, కంపెనీ ఇంకా బంద్ పెట్టని, ప్రాక్సీ అనే ఇంకో వెబ్‌సైట్ నీకు చూపించింది. నువ్వు దాని దగ్గరికి పోతావు, అది కెమెరా దగ్గరికి పోయి ఫోటో తెచ్చి నీకు ఇస్తుంది. కంపెనీ కంటికి నువ్వు ఆ ప్రాక్సీ దాకా పోయినట్టే కనిపిస్తుంది.

ఇది విని నేను బీరమ్మ సంగతి చెప్పాను, గుర్తుందా. బీరమ్మ పెనిమిటి బతికున్న రోజుల్లో ఆమెను ఇక్కడి కిరాణం దుకాణం మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. వాళ్లతో ఏదో పాత పంచాయితీ. చక్కెర కావాలంటే బీరమ్మ పక్కింటి రాధమ్మ దగ్గరికి పోయేది, రాధమ్మ దుకాణానికి పోయి తెచ్చేది. యాడికి పోయినవని పెనిమిటి అడిగితే, రాధమ్మ ఇంటికి పోయిన అనేది. అబద్ధం కూడా కాదు. రుఖయ్యా పడీ పడీ నవ్వి, గంతే అమ్మా, మా కంప్యూటర్ల ఉన్నది గా రాధమ్మే అన్నది. మంచి పిల్ల. నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది.

అన్నం తినే వేళకు మీ ల్యాబ్ ఆడవాళ్లంతా ఆ కంప్యూటర్ చుట్టూ చేరి నన్నూ చిన్నానూ చూసేవారని కూడా ఆమే చెప్పింది. వాడికి తినిపించాల్సిన పప్పన్నం నేను తింటూ దొరికిపోయానట. అది తినడం కాదు, రుచి చూడటం. అంగన్‌వాడీలో పిల్లలకు పెట్టే ముందు టీచర్ రుచి చూడాలని రూలు. సగం గిన్నె ఖాళీ అయ్యేదాకా చూడాలని ఆ రూల్లో లేదు, అది ఒప్పుకుంటాను. మొదట్లో ఆ కెమెరా అంటే నాకు ఒళ్లు మండింది. ఊరి పిల్లలను పెంచిన నా మీద నిఘానా అనుకున్నాను. తర్వాత అలవాటైంది. మీరు చూస్తారని తెలిసిన దగ్గర నుంచి తల దువ్వుకుని కూర్చునేదాన్ని.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం నువ్వు ప్రాక్సీ తెరిస్తే ఫోటోలో చిన్నా ఒక్కడే చాప మీద ఉన్నాడు, నేను లేను. ఛాయ్ వేళకు మళ్లీ చూస్తే మళ్లీ అంతే. తల్లి కడుపు, ఎలా ఊరుకుంటుంది. సూపర్‌వైజర్‌తో చెప్పి, గేటు దగ్గర తీసుకున్న ఫోన్‌లో చార్జింగ్ లేక, ఆటో కట్టించుకుని కిష్టారెడ్డిపేట దాకా ఏడుస్తూ వచ్చావు. వచ్చేసరికి నేను వాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. చెప్పులైనా విప్పకుండా, పొద్దుగాల్ల సంది పిలగాన్ని ఒక్కన్ని ఇడిచిపెట్టి యాడ తిరుగుతున్నవ్ అత్తమ్మా అని అడిగావు. ఎదురు ఫ్లాట్ వాళ్లు తలుపు తీసి చూశారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. సంచి సర్దుకుని, సాయంత్రం బాలరాజు రాగానే నన్ను కర్దనూర్‌లో దింపమన్నాను.

ఆ తర్వాత మీ కంప్యూటర్ సెక్షన్ దుర్గాప్రసాద్ సారు నిన్నూ రుఖయ్యానూ పిలిపించి, ఈ పక్కదారి మాకు తెలిసిపోయిందని చెప్పి, ఆ ప్రాక్సీని కూడా బంద్ పెట్టించాడు. నువ్వు ఏడుస్తూ అంతా చెబితే ఆయనే ఆ ఫోటో సంగతి విడమరిచాడట. అలాంటి వెబ్‌సైట్లు ఒకసారి తెచ్చిన ఫోటోను దగ్గర దాచిపెట్టుకుని, మళ్లీ అడిగితే ఒక్కోసారి అదే తీసి ఇస్తాయట. కొత్తది తేవడానికి పోనే పోవట. పొద్దున నువ్వు డ్యూటీ ఎక్కగానే ఒకసారి చూశావు కదా, అప్పుడు నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. ఆ పొద్దుటి ఫోటోనే నీకు రోజంతా వచ్చింది. నువ్వు ఇంటికి వచ్చి గుర్తు చేసుకుంటే ఫోటోలో చిన్నా ఒంటి మీద ఆకుపచ్చ బనియను ఉంది, నా ఒళ్లో ఉన్నప్పుడు పసుపు చొక్కా ఉంది. దాంతో నీకు నమ్మకం కుదిరింది. ఆదివారం ఉరుక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుని, నీ తప్పు సూది మొనంత లేదు అత్తమ్మా, ఇంటికి రా అని ఏడ్చావు. బాలరాజు కూడా తల వంచుకుని నిలబడ్డాడు. నేను రానన్నాను.

భవానీ, నాకు నీ మీద కోపం లేదు. ముందుగా ఈ మాట గట్టిగా పట్టుకో. అత్తమ్మకు రోషం ఎక్కువ అని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. రోషం ఉన్న మాట నిజమే, అది ఈ రోజుది కాదు. కానీ దాని వల్ల ఇక్కడ ఆగిపోలేదు. బీరమ్మకు మోకాలు బాగాలేదు, ఆమెకు తోడు కావాలి. ఆ నాలుగో అంతస్తులో నాకు ఊపిరి ఆడదు. లిఫ్టు తలుపు మూసుకుంటే నా గుండె కూడా మూసుకుంటుంది. ఇలాంటివే అనుకో. ముసలిదాని కారణాలు ముసలివిగానే ఉంటాయి.

నీ సెలవు ఈ ఆదివారంతో అయిపోతుందని, నేను రాకపోతే ఉద్యోగం మానేస్తానని అన్నావు. అది మాత్రం వద్దు. ఆ ఉద్యోగం కోసం నువ్వు ఎంత చదివావో, పెళ్లయ్యాక కూడా కుక్కర్ పక్కన పుస్తకం పెట్టుకుని ఎలా చదివావో నేను చూశాను. ఇంకో ప్రాక్సీ కూడా వెతకవద్దు. ఒకటి మూస్తే ఇంకొకటి పుడ్తది అమ్మా, ఎన్నని మూస్తరు అని రుఖయ్యా నవ్వింది గానీ, ఈసారి పట్టుబడితే మెమోతో ఆగదని దుర్గాప్రసాద్ సారు చెప్పాడంటున్నావు. పైగా మన కెమెరా పాస్‌వర్డ్ కూడా ఆ మధ్యవాడి చేతుల మీదుగానే పోయింది కదా. మార్చానన్నావు, మంచిపని చేశావు. మన హాలును ఇంకెవరు చూశారో అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది.

బుధవారం రాధమ్మను తోడు తీసుకుని కిష్టారెడ్డిపేట వచ్చాను. మన ఇంటికి రాలేదు, కోపం తెచ్చుకోకు. మీ కంపెనీ బస్సు ఆగే చోటుకు వెనక సందులో అక్తరీ బేగం అనే ఆమె ఇంట్లోనే పిల్లలను చూసుకుంటుంది. చెప్పకుండా వెళ్లాను. చెప్పి వెళ్తే అందరి ఇళ్లూ శుభ్రంగానే ఉంటాయి. నీళ్ల కుండకు మూత ఉంది. బాత్‌రూం తలుపుకు పైన గడియ ఉంది. నన్ను చూసి పిల్లలు ఆమె వెనక దాక్కున్నారు, ఆమె కొంగు పట్టుకున్నారు. అది చాలు నాకు, కాగితం సర్టిఫికెట్లు అక్కర్లేదు. బిడ్డకు ఏమైనా అయితే తల్లికెట్ల తెలుస్తదని నేను అడిగితే, గేట్ ఆఫీస్ నంబర్ ఇయ్యుండ్రి అమ్మా, నేను జల్దీ ఫోన్ చేస్త, వాళ్లే లోపల చెప్తరు అన్నది. ఇన్నాళ్లూ మనకు ఈ ముక్క తోచలేదు చూడు. సోమవారం నుంచి తీసుకొస్తామని మాట ఇచ్చి వచ్చాను.

చిన్నా సంగతులు ఆమెకు నువ్వే చెప్పాలి. అన్నం గట్టిగా ఉంటే ఉమ్మేస్తాడు, చారు పోసి మెత్తగా పిసకాలి. నిద్ర వచ్చినప్పుడు ఏడవడు, చెవి పట్టుకుని లాక్కుంటాడు. అది చూసి వెంటనే పడుకోబెట్టాలి, లేకపోతే తర్వాత ఊరు లేపుతాడు. జోకొట్టేటప్పుడు వీపు మీద కాదు, తొడ మీద కొట్టాలి. మిక్సీ శబ్దానికి జడుసుకుంటాడు, వేసే ముందు వాణ్ణి ఎత్తుకోవాలి. పాకడంలో మహా వేగం, గడపలు కూడా దాటేస్తున్నాడు. ఒక్క నిమిషం కూడా కన్ను తిప్పొద్దని చెప్పు.

ఉంటాను. రుఖయ్యాకు నా దీవెనలు చెప్పు, ఆమె తప్పు కూడా ఏమీ లేదు. బాలరాజును బండి మెల్లగా నడపమను. చిన్నాకు ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తమ్మ,
నర్సింహమ్మ

తా.క.: ఈ కాగితం విడిగా రాసి చిన్నా బట్టల మడతలో పెడుతున్నాను. బట్టలు బాలరాజు విప్పడు, నువ్వే విప్పుతావు. పైన ఉత్తరం ముగించి సంతకం పెట్టిన తర్వాత కూడా నువ్వు నా కాళ్ల దగ్గర ఏడ్చిందే కళ్లలో మెదులుతోంది. చేయని తప్పుకు నిన్ను అలా ఏడవనివ్వడం నావల్ల కావడం లేదు.

నీకు వచ్చిన ఫోటో పాతదే. కానీ నీ భయం అబద్ధం కాదు. ఆ మధ్యాహ్నం చిన్నాకు పాలు కాచడానికి పొయ్యి వెలిగించాను. అంతవరకే నాకు తెలుసు. కళ్లు చీకట్లు కమ్మి వంటింట్లో నేల మీద పడిపోయాను. ఎంతసేపో తెలియదు. కళ్లు తెరిచేసరికి చిన్నా హాల్లోంచి పాక్కుంటూ వచ్చి, నా పక్కన కూర్చుని, ఆట అనుకుని నా ముక్కుపుడక పట్టుకుని లాగుతున్నాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది, ఇల్లంతా గ్యాస్ వాసన. ముందు పొయ్యి కట్టేశాను. తర్వాత కిటికీ తీసి, వాణ్ణి ఎత్తుకుని బాల్కనీలో నిలబడ్డాను. మన కెమెరాకు వంటిల్లు కనిపించదు. ఆ సమయానికి నీకు అసలు ఫోటో వచ్చి ఉంటే, ఆ చాప మీద చిన్నా కూడా ఉండేవాడు కాదు.

అంతకుముందు ఒకసారి లిఫ్టులో ఇలాగే అయితే ఎండ దెబ్బ అనుకున్నాను. నువ్వు అరిచినప్పుడు నేను మాట్లాడకపోవడం రోషంతో కాదు బిడ్డా. వెళ్లిపోవడానికి ఒక సాకు దొరికిందని ఊపిరి పీల్చుకున్నాను. తీరా మీరంతా వచ్చి ఫోటోది తప్పు, అత్తమ్మది కాదు అనేసరికి ఆ సాకు కూడా పోయింది. ఇంతమంది పిల్లలను పెంచినదాన్ని, ఇక ఒక్కణ్ణి కూడా చూసుకోలేనని నోటితో చెప్పడానికి సిగ్గేసింది. బాలల దినోత్సవం అని ఈ రోజు అంగన్‌వాడీకి పిలిచారు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. కొత్త టీచర్ ఒక పసిదాన్ని ఎత్తుకోమని అందిస్తే చేతులు చాచలేదు.

వచ్చే వారం ఒకరోజు సెలవు దొరికితే నన్ను సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపో. బాలరాజుకు నువ్వే మెల్లగా చెప్పు, వాడు పరేషాన్ అవుతాడు. వచ్చేటప్పుడు చిన్నాను కూడా తీసుకురా. వాణ్ణి నా చేతికి మాత్రం ఇవ్వకు. నేను నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంటాను, నువ్వు పక్కనే ఉండి నా ఒళ్లో పడుకోబెట్టు.