బీరువాలో రికార్డింగ్ స్టూడియో

ఫిబ్రవరి 2, సోమవారం

మొదలెట్టేశాను! కంప్యూటర్లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఉచితమే. తెరవగానే విమానం నడిపేవాళ్ళ ముందున్నన్ని బటన్లు. భయమా? నాకా? కారు నడపడం రానివాళ్ళ పక్క సీట్లో కూర్చుని పొట్టపోసుకునేవాణ్ణి, బటన్లకి భయపడతానా!

లక్ష్యం: ఇరవై రెండో తారీఖు ఆదివారం అక్కాబావల పెళ్ళై పాతికేళ్ళు. ఆ రోజు హాల్లో, అందరి ముందు, నా పాట మోగాలి. నా గొంతుతో. చివరిదాకా!

ఈ చివరిదాకా అన్నదే ముఖ్యం. పాట మాదే. నాన్న స్కూటరు ఏనాడూ తన్నగానే స్టార్టయ్యేది కాదు. చిన్నప్పుడు అక్కా నేనూ దాన్ని వెనకనుంచి తోస్తూ కట్టుకున్నాం:

"తొయ్యరా తమ్ముడూ, తొయ్యవే అక్కా,
నాన్న స్కూటరుకి నిద్దర వదల్లేదు!"

చుట్టాలందరికీ నోటికొచ్చు. రెండు చరణాలు ఇద్దరం కట్టినవి. మూడోది మాత్రం స్కూటరు అమ్మేసిన రోజున నేనొక్కణ్ణే కట్టాను. దాన్ని ఇంతవరకు ఎవరూ వినలేదు. ఎలా వింటారు? నేను నోరు తెరిస్తే చాలు, పల్లవి పూర్తయ్యేలోపే "ఒరేయ్ చిన్నోడా, నీకు పుణ్యముంటుంది, ఆపరా" అంటారు. నలభయ్యారేళ్ళొచ్చాయి. ఇంతవరకు నన్ను చరణంలో అడుగు పెట్టనివ్వలేదు. అదే రికార్డింగైతే ఎవరాపుతారు?

ఫ్యామిలీ గ్రూపులో ప్రకటించేశాను. బావ ఒక్కడే జవాబిచ్చాడు: "హాలు వెనక తలుపు కూడా తీసి ఉంచమంటాను." ఉంచుకో బావా, ఉంచుకో!

ఫిబ్రవరి 3

మైకు వచ్చింది! గది గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయట, బట్టల మధ్య పాడితే మంచిదట. వీడియోలో చెప్పారు. ఇంకేం, బీరువా! మా ఆవిడ చీరల మధ్య తల దూర్చి పల్లవి ఎత్తుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒళ్ళు పులకరించింది. నా గొంతు ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేం!

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చేసరికి బీరువాలోంచి నా కాళ్ళు కనిపించాయి. అరవలేదు. "ఏమండీ, ఇస్త్రీ చీరలకి చెమట అంటుతోంది" అంది. అంతే. కళాభిమానం సున్నా.

ఫిబ్రవరి 5

తాళం తప్పకుండా సాఫ్ట్‌వేరే టిక్కు టిక్కుమని కొడుతుంది. అచ్చం కారు ఇండికేటర్! ఇన్నేళ్ళ అలవాటు, ఆ చప్పుడు వినగానే నా కాలు బ్రేకు వెతుక్కుంటోంది. ప్రతి లైనూ బాగానే బయల్దేరి, మెల్లగా నెమ్మదించి, మలుపు దగ్గర ఆగిపోతోంది.

టిక్కు తీసేశాను. ఇప్పుడు పాట ఎవరికీ దారివ్వకుండా పరిగెడుతోంది. ఫరవాలేదు, హుషారుగా ఉంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎంత పని అయిందో! డ్రమ్స్, కీబోర్డు, వయొలిన్లు, చప్పట్లు అన్నీ రెడీమేడ్ ముక్కలే, అతికించుకోవడమే. మూడు చరణాలకీ సంగీతం సిద్ధం. మొదట్లో సముద్రం హోరు కూడా పెట్టాను.

"స్కూటరు పాటకి సముద్రం ఎందుకండీ?" అంది మా ఆవిడ.

ఊరికే దొరికింది కాబట్టి!

ఫిబ్రవరి 11

శ్రుతి సరిచేసే బటన్ దొరికింది! చివరిదాకా తిప్పాను: రేకు డబ్బాలోంచి మరమనిషి పాడుతున్నాడు. సగానికి తిప్పాను: మరమనిషికి జలుబు చేసింది. సున్నాకి తెచ్చాను: నేను.

మరమనిషే నయమనిపించింది. కాసేపే.

ఫిబ్రవరి 14

రికార్డింగ్ లేదు. గొంతుకి విశ్రాంతి. గాయకులకి అవసరం.

ఫిబ్రవరి 15

గొంతు ఇంకా విశ్రాంతిలోనే ఉంది. మంచి నిద్రలో ఉన్నదాన్ని లేపకూడదు.

ఫిబ్రవరి 17

రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు. ఇవాళ కారుని పూలకుండీ ఎక్కించి, "నువ్వు ముందే చెప్పాలి కదయ్యా" అని నన్నే కోప్పడ్డారు. మనసు విరిగిపోయింది. ఈ స్థితిలో కళ కుదరదు. ట్రాకుల రంగులు మార్చాను. గొంతు ట్రాకుకి బంగారు రంగు. అదీ పనే కదా.

ఫిబ్రవరి 18

అక్క ఫోను. "పాట ఎంతవరకు వచ్చిందిరా?"

"మిక్సింగ్‌లో ఉందక్కా."

మిక్సింగ్ అంటే ఏమిటో ఇవాళైనా చూడాలి.

చూడలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

రేపే! బంగారు ట్రాకులో పల్లవి తప్ప ఏమీ లేదు!

సెలవు పెట్టి బీరువాలో దూరాను. మొత్తం పాట ఒక్క ఊపులో పాడేశాను, మూడో చరణంతో సహా. మధ్యలో మా ఆవిడ ఏదో అడిగింది, పట్టించుకోలేదు. వింటే వెనక ఫ్రిజ్ గుర్రుమంటోంది. దానికీ మందుంది! అనవసరపు శబ్దం ఎక్కడుందో ఒక్కచోట చూపిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి పాటంతటా తుడిచేస్తుంది. శబ్దం అంటే పెద్దగా ఉన్నదే కదా. ట్రాకులో శబ్దం గీత బాగా లావుగా కనిపించిన ముక్క చూపించి నొక్కాను.

వినడానికి టైము లేదు, కేకు తేవాలి. మొదటి కాసిన్ని క్షణాలు విన్నాను. సముద్రం, చప్పట్లు, కీబోర్డు. అద్భుతం! పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

వరసగా రాస్తాను.

కేకు కోశారు. బావ పెన్‌డ్రైవ్ పెట్టాడు. హాలంతా సముద్రం హోరు! చప్పట్లు! కీబోర్డు! చుట్టాలు నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఇక నా గొంతు రావాలి.

రాలేదు.

ఫ్రిజ్ మాత్రం చక్కగా గుర్రుమంటోంది. అప్పుడు వెలిగింది. ట్రాకులో లావుగా కనిపించింది నేనే! సాఫ్ట్‌వేర్ నా గొంతునే అనవసరపు శబ్దమనుకుని, వెతికి వెతికి తుడిచేసింది. దానికీ మా వాళ్ళ బుద్ధే వచ్చింది.

మూడో చరణం ఇక ఎవరూ వినరు. నిజంగా ఏడుపొచ్చింది.

ఇంతలో బావ, "భలే ఆలోచన బావమరిదీ! సంగీతం పెట్టి పాట మాకొదిలేశావా!" అన్నాడు. అక్క అప్పటికే అందుకుంది: "తొయ్యరా తమ్ముడూ..." హాలంతా అందుకుంది. నేనూ అందుకున్నాను. అంతమందిలో నన్నెవరు కనిపెడతారు? పల్లవి దాటాను! మొదటి చరణం దాటాను! రెండో చరణం మధ్యలో స్పీకర్లోంచి మా ఆవిడ, "ఏమండీ, గ్యాస్ ఆపారా?" అంది, గంట కొట్టినట్టు. ఆవిడ గొంతు జోలికి సాఫ్ట్‌వేర్ కూడా వెళ్ళలేదు. జనం పొట్టలు పట్టుకున్నారు.

మూడో చరణం వచ్చింది. అందరూ ఆగిపోయారు. ఎవరికీ రాదుగా. సంగీతం నడుస్తోంది. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను:

"తొయ్యకుండానే పోయింది స్కూటరు,
అద్దంలో మమ్మల్నే చూసుకుంటూ పోయింది..."

శ్రుతి ఎటు పోయిందో తెలీదు. తాళం సంగతి అడగొద్దు. ఎవరూ ఆపలేదు. చివరి మాట దాకా వెళ్ళాను.

కళ్ళు తెరిచేసరికి అక్క ఎదురుగా నిలబడి ముక్కు తుడుచుకుంటోంది.

"ఇదెప్పుడు కట్టావురా?"

"స్కూటరు అమ్మేసిన రోజు."

"మరి ఇన్నాళ్ళూ పాడలేదేం?"

"మీరు పాడనిస్తేగా!"

అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. "గాడిదా, శ్రుతి ఒక్కచోటా లేదు. మళ్ళీ పాడు."

మళ్ళీ పాడాను! బావ ఇంకోసారన్నాడు. ఇంకోసారీ పాడాను!

జరిగిన నిజం మా ఆవిడకొక్కదానికే చెప్పాను. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఫిబ్రవరి 23, సోమవారం

పొద్దున్నే బావ ఫోను. "మూడో చరణం నీ గొంతుతో రికార్డు చేసి పంపవయ్యా. మీ అక్క లేచిన దగ్గర్నుంచి అదే పాడుతోంది, తప్పుల తడకగా. ఆపమంటే ఆపట్లేదు!"

మళ్ళీ మొదలు! మొదటి వీడియో, మొదటి పాఠం నుంచి. రోజూ గంట, ఏం జరిగినా సరే. మిక్సింగ్ అంటే ఏమిటో కూడా చూస్తాను. నాలుగో చరణం కట్టడం మొదలెట్టాను, ఐదోదానికి ఆలోచన వచ్చింది. ఇవాళే రికార్డింగ్ పెట్టేద్దును, నిన్న పాడి పాడి గొంతు పూర్తిగా పోయింది. ఈసారి నిజంగానే!

రేపట్నుంచి ఖాయం.