చట్టం తీసేసిన పదకొండు రోజులు

గాల్వే,
సెప్టెంబర్ 14.

శాంతా,

నువ్వు ఫోన్ ఎత్తినా నాకు మాట రాదు. అందుకే ఈ ఉత్తరం. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఒక్కడికే వండుకొని, లైబ్రరీ పుస్తకం ముందేసుకొని కూర్చుంటున్నాను. కాలేజీ మొహం చూడనివాణ్ణి. నాకొచ్చిన చరిత్రంతా ఇలా చదువుకున్నదే. ఏ తేదీన ఏం జరిగిందో రోజూ డైరీలో రాసుకుంటుంటే మీ అన్నయ్య మహీధర్, "బావా, చచ్చిన రాజులందరూ నీకు చుట్టాలే. బతికున్నవాళ్ళతోనే పలుకు లేదు" అని వెక్కిరించేవాడు.

పుస్తకంలో ఈరోజు తేదీ కింద ఒక సంగతి కనిపించింది. 1752లో క్యాలెండర్ సరిచేయడానికి బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి పదకొండు రోజులు తీసేసింది. సెప్టెంబర్ రెండున పడుకున్నవాళ్ళు పద్నాలుగున లేచారు. ఇక్కడ ఐర్లండ్‌లోనూ అంతే. చదివి పుస్తకం మూసేశాను.

నిరుడు ఇదే నెల, విజయనగరంలో మహీధర్ గుండె ఆగింది మూడున. నీ నర్సింగ్ పరీక్ష పదమూడున. నీకు చెప్పింది పద్నాలుగున. "పరీక్ష అయ్యేదాకా దాని చెవిన వెయ్యకు బాబూ" అన్నారు మీ బాబాయి. మన ఇళ్ళల్లో ఎవరైనా చేసేదే అనుకున్నాను. కానీ నిర్ణయం నాదే. ఆ ప్రభుత్వంలాగే, లెక్క సరిపోతుందని నీ రోజులు తీసేశాను. నువ్వు పాసయ్యావు, కాజిల్‌బార్ ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరి వెళ్ళిపోయావు.

ఈ ఇంటి లీజు నెలాఖరుతో సరి. నువ్వు రానంటే నాకు ఒక గది చాలు. నీ మాట తెలిశాకే సంతకం.

రాఘవులు

కాజిల్‌బార్,
సెప్టెంబర్ 18.

ఏవండీ,

మీ ప్రభుత్వం ఊరంతటికీ ముందే చెప్పి తీసింది. మీరు నాకొక్కదానికే తెలియకుండా తీశారు. రెండూ ఒకటెలా అవుతాయి?

అయిదో రోజున వినాయక చవితి. నాచేత ఉండ్రాళ్ళు చేయించారు. పాడుకుంటూ హారతి ఇచ్చాను. "ఇంకో రెండు వెయ్యనా?" అంటే పళ్ళెం చాపారు. ఏడాదిగా ఆ పళ్ళెమే నా కళ్ళలో మెదులుతోంది. పరీక్ష మళ్ళీ రాసుకునేదాన్ని. నన్నడిగారా?

ఇక్కడ వార్డులో ఎవరైనా పోతే ఇంటివాళ్ళకు ఫోన్ చేసేది చాలాసార్లు నేనే. చెప్పడం ఎంత కష్టమో తెలిసింది. చెప్పకుండా మోయడం ఎలా ఉంటుందో తెలియదు. మీకున్న ఒక్క స్నేహితుడూ అన్నయ్యే. మీరు కంటతడి పెట్టడం నేను చూడలేదు. ఈ మనిషి పక్కన ఎలా బతకాలా అని భయం వేసింది, అందుకే వచ్చేశాను. క్షమాపణలు నాకొద్దు. ఆ రోజుల్లో మీరేం చేశారో రాయండి. లీజు సంగతి తర్వాత.

శాంత

గాల్వే,
సెప్టెంబర్ 21.

శాంతా,

మూడు, మంగళవారం. ఫోన్ వచ్చినప్పుడు నువ్వు పక్కగదిలో చదువుకుంటున్నావు. "ఎవరండీ?" అన్నావు. "ఫ్యాక్టరీ" అన్నాను. వంటింటి అలమర తలుపు తీసి, పప్పుల డబ్బాల మధ్య మొహం పెట్టి నిలబడ్డాను. నువ్వొచ్చి "ఏం కావాలి?" అంటే "జీలకర్ర" అన్నాను. నువ్వే తీసి చేతికిచ్చావు.

నాలుగున షిఫ్టు మధ్యలో మహీధర్ నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. అయిదున మళ్ళీ చేశాను.

ఏడున, చవితినాడు, నేను తిన్న ఉండ్రాళ్ళు రెండు కాదు, ఆరు. నోట్లో ముద్ద ఉంటే మాట జారదని. ఆ తర్వాత కాలువ గట్టుకు వెళ్ళి అంతా కక్కేశాను.

పదమూడున నిన్ను పరీక్ష దగ్గర దించి, కారులోనే కూర్చొని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. పార్కింగ్ మనిషి అద్దం తట్టి, "యూ గ్రాండ్ దేర్?" అన్నాడు, బాగానే ఉన్నావా అని. "గ్రాండ్" అన్నాను.

మిగిలిన రోజులు కాగితం మీద పెట్టలేను. అడిగితే చెబుతాను.

రాఘవులు

కాజిల్‌బార్,
సెప్టెంబర్ 24.

ఏవండీ,

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మిగిలిన రోజులు నా ఎదురుగా కూర్చొని చెప్పండి. నాకోసమని ఏమీ వండకండి. ఆ రోజు మన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అన్నయ్య పోయాడు.

శాంత