ఎర్రకారు నీళ్ళు ఎక్కడికి పోయాయంటే

గోదావరిఖని,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

నా కొడుకు చిరంజీవి బెన్నీకి అవ్వ దీవించి రాసేది. ఆ మంచు కొండల్లో కాపలా కాసే నిన్ను ప్రభువు చల్లగా కాపాడుతున్నాడని నమ్ముతున్నాను. ఇక్కడ అంతా క్షేమమే అని రాయడం అలవాటు. ఒంటి మట్టుకు నేను క్షేమమే. వేళకు తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను. మనసు సంగతి ఈ ఉత్తరం అయిపోయేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పార్సిల్ చేశాను, మామిడికాయ తొక్కు సీసా కూడా అందులోనే పెట్టాను. అది పగలకుండా వస్తే అదృష్టమే. గని నీళ్ళు తోడే పంపుహౌజ్‌లో నా డ్యూటీ ఈ నెలంతా మొదటి షిఫ్టే. మీ బాపు పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఈ నౌకరీకి జూన్‌తో తొమ్మిదేళ్ళు నిండాయి. మోకాళ్ళ నొప్పి ఉంది, లేదని రాస్తే నువ్వు నమ్మవు. కాలిన చెయ్యి మానిందా అని అడిగావు. మానింది, మచ్చ మిగిలింది. గంజి పడి కాలిందని నీకు రాశాను కదా, దాని సంగతి కింద వస్తుంది.

ఇక నీ ఆఖరి మాట. కారును నీ దోస్తు మొగిలి షెడ్డులోంచి తెప్పించి ఇంటి ముందు పెట్టించమన్నావు. వానితో కలిసి మెకానిక్ షాపు పెట్టే మాట ఇక లేదని, వానికి అదే రాసేశానని అన్నావు. కారు తేలేదు కొడుకా. తేను కూడా. ఎందుకో చెప్పడానికే కూర్చున్నాను. ఫోన్లో చెప్పకపోయావా అంటావు. నీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే వస్తుందని నాకు తెలుసు.

సెలవు అయిపోయి పోయేటప్పుడు నువ్వేం చెప్పావు? ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచు, రోడ్డెక్కించకు అన్నావు. అది ఇరవై రెండేళ్ళ నాటి రెండు సీట్ల ఎర్ర బండి. రిటైరై ఊరికి పోతున్న ఆఫీసరు దగ్గర నువ్వు మోజుపడి కొన్నావు. నువ్వూ మొగిలీ రెండు సెలవులు నడుములు పడిపోయేలా పనిచేసి దాన్ని లేపి నిలబెట్టారు. క్వార్టర్ల పిల్లలు దాన్ని కప్ప కారు అంటే నాకు కోపం వచ్చేది. నిజం చెప్పాలంటే అది అట్లాగే కూర్చుంటుంది.

ఫిబ్రవరిలో నీకు రాశాను, ఇంజన్‌ను చల్లబరిచే పచ్చ కూలెంట్ నీళ్ళు డబ్బాలో గీత కిందికి దిగుతున్నాయని. వారానికి ఒక గ్లాసు మాయం. నేల మీద మాత్రం చుక్క ఉండదు. నువ్వు అక్కడి నుంచి ప్రశ్నలు రాయడం, నేను జవాబులు రాయడం, మొగిలి వచ్చి చూడడం. నాలుగు నెలలు ఇదే పని అయింది. మొగిలి తీరు నీకు తెలిసిందే, పానా పట్టేముందు కళ్ళతో పని చేస్తాడు. కారు కింద పాత పేపర్లు పరిచి వెళ్ళి, మర్నాడు వచ్చి ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి. లోపల కాళ్ళ దగ్గరి పరుపు తడిగా ఉందేమోనని చెయ్యి పెట్టి తడిమాడు. రేడియేటర్‌కు చేతిపంపు తగిలించి గాలి కొట్టి, దాని మీటరు ముల్లు దిగుతుందేమోనని అరగంట దాని ముందే కూర్చున్నాడు. దిగలేదు. మూత మార్చాడు, రెండు పైపులు మార్చాడు, తరువాత వాటర్ పంపు కూడా మార్చాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

మొదటి రోజే వాడు నన్ను ఒక మాట అడిగాడు. "పెద్దమ్మా, ఎన్నడన్న బండి వేడెక్కిందా? ముల్లు ఎర్రగీతకు పోయిందా?"

నేను పప్పు కడుగుతున్నాను. తల ఎత్తకుండా, "నేనెందుకు నడుపుత? ఇంటి ముందట్నే ఉంటది" అన్నాను. వాడు అడిగింది వేడెక్కిందా అని. నడిపావా అని కాదు. నా నోటికి మాత్రం అదే జవాబు వచ్చింది. వాడు ఒక్క క్షణం నా మొహం చూసి, సరే అన్నాడు. నువ్వూ ఉత్తరంలో అదే అడిగావు, నీకూ అట్లాగే రాశాను. ఆ ఒక్క జవాబు తప్పయ్యేసరికి మీరిద్దరూ నాలుగు నెలలు దారి తప్పి తిరిగారు.

ఆఖరికి స్పార్క్ ప్లగ్గులు చెప్పాయి. నాలుగూ తీసి పేపరు మీద వరుసగా పెట్టాడు. మూడు మసిబారి ఉన్నాయి, ఒకటి కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంది. కూలెంట్ ఆ ప్లగ్గు ఉన్నచోటికే దిగి, ఆవిరై, పొగగొట్టంలోంచి పోతోందని, ఆ ఆవిరే ప్లగ్గును కడిగిందని చెప్పాడు. బండిని షెడ్డుకు కట్టుకుపోయి ఇంజన్ పైన బిగించి ఉండే హెడ్డును లేపాడు. హెడ్డు పగిలి ఉంది. ఇంజన్ వేడైనప్పుడే ఆ పగులు విచ్చుకుంటుందట. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఎంత వెతికినా దొరకలేదు.

హెడ్డు పగిలిందని వాడు నీకు రెండు ముక్కలు రాశాడు. నువ్వు లెక్క కట్టావు. అవ్వ దగ్గర బండి ఎన్నడూ వేడెక్కలేదు. వేడెక్కకుండా హెడ్డు పగలదు. మొదట ఏదో చిన్న లీకు ఉండి ఉంటుంది, దాన్ని వెతుకుతూ మొగిలే నీళ్ళు లేకుండా ఇంజన్ నడిపి పగలగొట్టి, ఇప్పుడు దాస్తున్నాడు. నీ లెక్కలో తప్పు లేదు, నేనిచ్చిన అంకె తప్పు. వాడు నీళ్ళు లేకుండా నడిపాడా అవ్వా, నిజం చెప్పు అని నన్నే అడిగావు. నేను రాసిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "నేను చూడలేదు. అయినా కావచ్చు" అని రాశాను.

అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఆ తరువాతి శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనలో, దాన్ని నడిపే అనసూర్యక్క ఎవరికి ఏ మనవి ఉందో చెప్పమంటే లేచి నిలబడ్డాను. నా కొడుకు కారు పాడు చేసినవాని మనసు మార్చమని ప్రార్థించండి అన్నాను. పేరు చెప్పలేదు. మన గోదావరిఖనిలో అట్లాంటి కారు ఒక్కటే, దాన్ని ముట్టేవాడూ ఒక్కడే, ఇక పేరెందుకు? పదిహేనుమంది ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఇప్పుడు జరిగింది రాస్తాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

జనవరి ఆఖరున పెద్దపల్లిలో మీ స్వరూప చిన్నమ్మ బిడ్డ ప్రిస్కిల్లా పెళ్ళి ప్రధానం అయింది కదా. నేను ఆటోలో పోయి వచ్చానని నీకు రాశాను. ఆటోలో పోలేదు, నీ కారులో పోయాను. కంపెనీ ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పించినప్పుడు తీసుకున్న లైసెన్సు మూడేళ్ళుగా పెట్టెలో పడి ఉంది. మీ చిన్నమ్మ సంగతి నీకు ఎన్నడూ చెప్పలేదు. ఏ ఫంక్షనైనా సరే, పదిమంది వినేటట్టు, "సరోజనక్కకు ముందుగాల పెట్టుండ్రి, మల్ల ఆమెకు ఆటో దొరకది" అంటుంది. ప్రేమతోనే అంటుందేమో. మొదటి బంతిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని తిన్నప్పుడల్లా నాకు మెతుకు గొంతు దిగేది కాదు. మరిది ఇంట్లో మొదటి శుభకార్యం, ఈ ఒక్కసారి అట్లా తినొద్దు అనుకున్నాను.

ఫంక్షన్ హాలు ముందు కారు ఆపి, చీర కుచ్చిళ్ళు నిదానంగా సర్దుకుంటూ దిగాను. మీ చిన్నమ్మ గుమ్మంలోనే ఉంది. డ్రైవరేడి అని అడిగింది. "నేనే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నీ ఇంజన్ ఖర్చు పెట్టాను కొడుకా. ఆ రోజు ఆఖరి బంతిలో, పెద్దవాళ్ళతో కూర్చుని, కడుపునిండా తిన్నాను.

తిరుగుదారిలో రోడ్డు పని జరుగుతున్నచోట లారీల వెనక అరగంట ఆగాల్సి వచ్చింది. బసంత్‌నగర్ దాటాక చూస్తే ముల్లు ఎర్రగీత మీద ఉంది. అప్పుడు ఆపాలి. నాకు తెలియదని చెప్పను. మోటరు వేడెక్కితే స్విచ్ ఆపమనే కదా కంపెనీ నాకు జీతమిస్తున్నది. కాని అద్దంలో మీ చిన్నమ్మవాళ్ళ తెల్లకారు కనబడుతోంది, పెళ్ళికొడుకు తరఫువాళ్ళను ఖనిలో దించడానికి వస్తున్నారు. నేను ఆపితే వాళ్ళూ ఆపుతారు. అయ్యో అక్కా, మా బండెక్కు అంటారు. పెళ్ళివారి ముందు ఆ మాట పడలేక ఏడెనిమిది కిలోమీటర్లు అట్లాగే తొక్కాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. చౌరస్తాలో వాళ్ళు మళ్ళిపోయాక మా పంపుహౌజ్ తొవ్వలోకి తిప్పి ఆపాను.

కొంగు చుట్టి మూత తిప్పితే వేడినీళ్ళు ఎగజిమ్మాయి. నా చెయ్యి కాలింది అప్పుడే, గంజితో కాదు. ఇంకా పాపం ఏమిటంటే, దగ్గరలో ఉన్నవి గనిలోంచి తోడిపోసే కాలువ నీళ్ళు. వాటి గుణం నాకంటే ఎరిగినవాళ్ళు ఎవరు? పసుపుపచ్చ మడ్డి, పులిసిన కంపు. పంపుల ఇనుప రెక్కలను ఏడాది తిరక్కుండా తినేస్తాయి. మేం వాటితో చేతులు కూడా కడుక్కోం. ఎవరి కంటా పడకముందే ఇల్లు చేరాలని ఆ చల్లటి నీళ్ళనే క్యానుతో తెచ్చి సలసల కాగుతున్న ఇంజన్లో పోశాను. లోపల టప్పుమని చప్పుడైంది. ఆ చప్పుడేమిటో నాకు అప్పుడే తెలుసు. ఇంటికి వచ్చాక ఆ నీళ్ళు వదిలేసి, నువ్వు పెట్టిపోయిన కూలెంట్ నింపి, బండి తుడిచి కవరు కప్పాను. నా మట్టుకు నేను ఆ సంగతిని పాతిపెట్టినట్టే అనుకున్నాను.

మొన్న బుధవారం నీ మాట ప్రకారం కారు తేవడానికి మొగిలి షెడ్డుకు పోయాను. ఈ షాపు కోసం వాడు పాత గ్యారేజీ పని మానేశాడు కదా. మీ ఇద్దరి పేర్లు రాయించిన బోర్డు గోడవైపు తిప్పి పెట్టి ఉంది. బల్ల మీద హెడ్డు ఉంది. పైపైన తుడిచాడు గాని, నీళ్ళు పారే సందుల్లో పసుపు మడ్డి అట్లాగే గట్టిపడి ఉంది. నేను దాన్ని చూడడం వాడు చూశాడు. నీకెప్పుడు తెలిసిందని అడిగాను.

"హెడ్డు లేపిన్నాడే తెలిసింది పెద్దమ్మా. గనిలకెల్లి వచ్చే మా బాపు బూట్లకు రోజు గిదే మడ్డి అంటుకోని వస్తుండె."

"మరి బెన్నీకెందుకు రాయలే?"

"నువ్వే రాస్తవని చూసిన."

నేను రాయకపోతే ఏం చేసేవాడివని అడిగాను. వాడు బట్టతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "షాపు పోతె పోయె. మీ అవ్వ అబద్ధమాడిందని నా నోటితోని వానికి చెప్పన్నా?" అన్నాడు.

కోపం లేదు వాని మాటలో. కోపగించుకుంటే నాకు కొంచెం తేలికయ్యేది. సిగ్గుతో చచ్చిపోయాను కొడుకా. యాభై ఏడేళ్ళ దాన్ని, నీ ఈడువాని ముందు తలెత్తలేక, వచ్చిన పని కూడా చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.

మొన్న శుక్రవారం మళ్ళీ ప్రార్థనకు పోయాను. మనవుల వేళ లేచి, పోయినసారి నేను అడిగింది దొంగ మనవి, కారు పాడు చేసింది నేనే, మొగిలి కాదు అని పేరు పెట్టి చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అనసూర్యక్క తల వంచుకుంది. వెనక నుంచి దేవవ్వ మాత్రం, మరి కారు ఇప్పుడు నడుస్తదా అని అడిగింది. నడవదని చెప్పి కూర్చున్నాను. స్వరూపకు కూడా ఫోన్ చేసి చెప్పాను. అక్కా, నేనట్ల అంటున్నట్టు నాకే తెల్వదు అని ఏడ్చింది. అది వేరే సంగతి, ఇంకోసారి రాస్తాను.

ఇంతవరకు రాసి, ఇందాక మొగిలిని ఇంటికి పిలిచి చదివి వినిపించాను. వాని పేరు ఉన్న ఉత్తరం వానికి తెలియకుండా పోవద్దనిపించింది. అన్నీ తల వంచుకుని విన్నాడు. 'అయినా కావచ్చు' దగ్గరికి వచ్చేసరికి లేచి బయటికి పోయాడు. ఆ మాట వానికి తెలియదు. ఇన్నాళ్ళూ తనను అనుమానించింది నువ్వొక్కడివే అనుకున్నాడు. కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు, చేతులకు ఏమీ లేకపోయినా. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గా ఒక్క మాట కొట్టెయ్ పెద్దమ్మా. ఏదో తెల్వక రాసినవని వాడు అనుకోనీ. తెలిసే రాసినవని వానికి చెప్పుడెందుకు?"

కొట్టెయ్యలేదు. తెలిసే రాశాను బెన్నీ.

ఇది చదివాక నాకు జవాబు రాయకు. తిట్టినా, పోనీలే అవ్వా అన్నా, నేను ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని ఊరట పడతాను. ఆ ఊరట నాకు ఇప్పుడే వద్దు. ముందు మొగిలికి రాయి. వాడు వచ్చి, బెన్నీ ఉత్తరం వచ్చింది పెద్దమ్మా అన్ననాడు నాకు నీ జవాబు అందినట్టే.

ఇట్లు,
నీకు తప్పుడు జవాబు రాసిన
నీ అవ్వ,
సరోజన